పడుకున్న ముల్లు

మా ఇంట్లో ఇది దాచిన సంగతి కాదు. మా అత్తకు తెలుసు, ఆడబిడ్డకు తెలుసు, ఆ రోజు బావి దగ్గర మోట కొడుతూ మా కేకలకు పరుగెత్తుకొచ్చిన రైతుకు కూడా తెలుసు. నేనన్న మాట అందరి చెవులా పడింది. అయినా ఒక్కరు కూడా ‘నీ నోరే చేసింది’ అనలేదు. అంటే బాగుండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎదురు తిరిగి నాలుగు మాటలు అని, ఆ పూట అన్నం మానేసి, అంతటితో తేలికపడేదాన్ని. ఎవరూ అనకపోయేసరికి అది నాలోనే ఉండిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనే సామెత ఊరందరి నోటా ఉంటుంది కానీ మా ఇంట్లో ఎవరూ వాడరు. నన్ను చూసి మానేశారు.

మాది భువనగిరిలో నేతపని చేసే ఇల్లు. పుట్టిల్లూ అదే, అత్తిల్లూ అదే, రెండిళ్లలోనూ గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని నేసే గుంత మగ్గాలు. నాకు చిన్నప్పటి నుంచి అచ్చతకడం వచ్చు. మగ్గం మీద పాత పడుగు అయిపోయాక దాని కొసలు కోయకుండా వదిలేసి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ఆ కొసలకు కలిపి మెలి పెడతారు. వేళ్లకు కాస్త బూడిద రాసుకుని కూర్చుంటే పొద్దు వాలేదాకా లేవకూడదు. పోగు కనిపించదు, వేలి కొసకు తెలుస్తుందంతే. నా అతుకు ఎక్కడుందో కనిపెట్టమని నేను పందాలు వేసేదాన్ని. పెద్ద పెద్ద నేతగాళ్లు బట్టను వెలుతురుకు పట్టి చూసి ఓడిపోయేవాళ్లు. మా అత్త నలుగురిలో కూర్చున్నప్పుడల్లా “మా కోడలి అతుకు బట్ట చినిగినా తెగదు” అనేది. అది విని విని నాకు గర్వం తలకెక్కింది. లేదని అబద్ధం చెప్పను.

మా ఆయనకు మగ్గం మీద మనసు లేదు. నేతపని సన్నగిల్లిన రోజుల్లో సాగర్ కట్ట పనికి రాళ్లు మోసే లారీ మీద క్లీనరుగా పోయి, బండి నడపడం నేర్చుకుని వచ్చాడు. పంతొమ్మిది వందల అరవై దగ్గర పడుతుండగా నకిరేకల్‌లో ఒక నూనె మిల్లు సావుకారు దగ్గర డ్రైవరుగా కుదిరాడు. మిల్లు వెనకాల ఒక అర్ర కిరాయికి తీసుకుని మేం ముగ్గురం, ఆయనా, నేనూ, అత్తా, అక్కడికి మారాం. సావుకారు చెడ్డవాడు కాదు, కానీ కారంటే ఆయనకు ప్రాణం. పాత విలాయతీ కారు, ఎవరో దొర దగ్గర కొన్నది. దాని మీద గీత పడిందని మా ఆయన కంటే ముందున్న డ్రైవరును అదే పూట పంపించేశాడని మిల్లులో చెప్పుకునేవాళ్లు. ఆ మాట మా ఆయన మనసులో బాగా నాటుకుంది. కొలువు పోతే మళ్లీ గుంతలో కాళ్లు పెట్టాలి. అదొక్కటే ఆయన భయం.

సావుకారు ఊళ్లో లేని రోజు నన్ను మిల్లు కొట్టంలోకి తీసుకుపోయి కారు చూపించాడు. స్టీరింగ్ వెనకాల గుండ్రటి అద్దాలు, లోపల ముళ్లు. ఒకదాన్ని వేలితో చూపి, “గిది ఇంజను జ్వరం చూసే మీటర్” అన్నాడు. “ముల్లు ఎడమకు పడుకుంటే సల్లగున్నట్టు. కుడికి వాలి ఎర్రగీత ముట్టిందంటే నీళ్లు మసిలినట్టు. గప్పుడు బండి ఆపాలె, మూత ముట్టద్దు.”

“మరి మనిషి నాలిక కింద పెట్టినట్టు దీనికి యాడ పెడ్తరు?” అని అడిగాను. నవ్వి, బానెట్ ఎత్తి చూపించాడు. ఇంజను తలలోకి ఒక ఇత్తడి బుడ్డి బిగించి ఉంది. అక్కడి నుంచి సన్నని రాగి తీగ ఒకటి బయలుదేరి, ఇనుప రేకులో చేసిన బెజ్జం గుండా దూరి మీటర్ వెనక్కి పోయింది. అది చూడగానే నాకు పడుగు పోగు మగ్గం అచ్చు కన్నులో దూరినట్టే అనిపించింది. నా బుద్ధి అంతవరకే పోయింది.

తర్వాత కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆయన ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. ఇంజను తుడుస్తూ బ్యాటరీ ఎత్తబోతే ఆ రాగి తీగ దానికి తట్టుకుని, రేకు దగ్గర పుటుక్కున తెగిందట. అసలే అక్కడ రాసుకుని అరిగి ఉందట.

“తెగంగనే దవాఖాన వాసనొచ్చిందే” అన్నాడు.

“తీగెకు వాసనేందయ్యా? భయానికి నీ ముక్కు చెడిపోయింది” అని నేను నవ్వాను.

సావుకారు హైదరాబాద్ పోయాడు, రేపు వస్తాడు. అలాంటి తీగ నకిరేకల్‌లో దొరకదు, నార్కట్‌పల్లి మిస్త్రీ దగ్గర కూడా ఉండదు. ఆయన గుమ్మంలో కూర్చుని తల పట్టుకున్నాడు. మా అత్త నా ముఖం చూసింది. చూసి, “తెగిన దానికి ఏడ్చుడెందుకురా, ఇంట్ల అతికేది ఉండంగ?” అంది.

నిజంగా ఆమె అనకపోయినా నేనే లేచేదాన్ని. ఇంట్లో చీర అంచు నేయగా మిగిలిన జరీ ఉంది, కాస్త లక్క ఉంది. కొట్టంలోకి పోయి, తెగిన రెండు కొసలనూ కత్తితో గీకి శుభ్రం చేశాను. కొస కొస ఆనించి, జరీ పోగును సందు లేకుండా బిగించి చుట్టాను. పైన లక్క కరిగించి పోసి, తడి వేళ్లతో నున్నగా రాశాను. పోగు అతికినప్పటి కంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాను. రాగి మీద జరీ మెరుస్తుంటే తీగకు నగ పెట్టినట్టుంది. లాగి చూడమన్నాను. ఆయన లాగాడు, రాలేదు. “నీ చేతులకు మొక్కాలె” అన్నాడు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది.

మర్నాడు సావుకారును బస్టాండు నుంచి తీసుకొచ్చాక ఆయన ఇంటికి రాగానే, “ముల్లు ఎట్లుంది?” అని అడిగాను.

“పడుకొనే ఉంది.”

“అంటే సల్లగ ఉన్నట్టే గదా?”

ఆయన కాళ్ల మీద ఇంకో చెంబు నీళ్లు పోసుకుని, “మంచిగుంది” అన్నాడు.

అంతే. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా అదే మాట. అడిగినకొద్దీ అన్నాడు. ఇంజను నడుస్తున్నంతసేపూ ముల్లు లేచి మధ్యలో నిలబడాలని, పడుకునే ఉంటే అది సల్లదనం కాదు, చావు అని నాకు తెలియదు. నేను ఎన్నడూ కారులో పోయినదాన్ని కాదు. అతికిన తర్వాత ఇంజను కూడా నెమ్మదించిందని మిల్లులో గింజలు చెరిగే ఆడవాళ్లకు చెప్పుకున్నాను. ఒకామె నన్ను ‘డాక్టరమ్మా’ అని పిలవడం మొదలుపెట్టింది. నేను వద్దనలేదు.

ఎండాకాలంలో దేవరకొండలో మా ఆడబిడ్డకు రెండో కాన్పు అయింది. బిడ్డను తొట్టెలలో వేసే రోజున అమ్మమ్మ చేయి పడాలి. అదృష్టం కొద్దీ అదే రోజున సావుకారు బంధువులను దేవరకొండ నుంచి తీసుకురావాల్సి వచ్చింది. పోయేటప్పుడు బండి ఖాళీయే కదా, మీ అమ్మనూ భార్యనూ ఎక్కించుకుని పొమ్మని సావుకారే అన్నాడు. మా అత్త కొత్త చీర కట్టుకుని, ఒళ్లో పసిబిడ్డకు కుట్టిన బొంత పెట్టుకుని వెనక కూర్చుంది. నేను ముందు కూర్చున్నాను. దారి పొడుగునా చెట్లూ గుట్టలూ చూడలేదు. ముల్లునే చూశాను. నల్లగొండ దాటినా అది లేవలేదు. అత్త వైపు తిరిగి, “చూసినవా అత్తా, ఎండ గింత మండుతున్నా కదల్తలేదు” అని మురిసిపోయాను. ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. మధ్య మధ్య ముక్కు ఎగబీల్చి వాసన చూడటం, కిటికీలోంచి తల బయట పెట్టి ఇంజను చప్పుడు వినడం మాత్రం నా కంట పడింది. డ్రైవర్లందరికీ ఆ అలవాటు ఉంటుందేమో అనుకున్నాను.

మల్లేపల్లి దాటాక ఎత్తు ఎక్కుతుంటే ఆయన ఉన్నట్టుండి బండి పక్కకు తీసి ఆపాడు. రోడ్డు పక్కనే మోట బావి ఉంది. దిగి బానెట్ ఎత్తాడు. ఫ్యాన్ బెల్టు వదులైంది, నీళ్లు తగ్గి ఉంటాయి, పోయాలి అన్నాడు. బావికి పోయి డబ్బా నిండా నీళ్లు తెచ్చుకున్నాడు. తెచ్చి కింద పెట్టి, చింతచెట్టు నీడలోకి పోయి నిలబడ్డాడు.

“పోయరాదురా” అంది అత్త.

“జర సల్లారనీయే అవ్వా.”

పొద్దు నెత్తి మీదికి వస్తోంది. అక్కడ తొట్టెలలో బిడ్డను వేయడానికి మా అత్త కోసం కాచుకుని ఉంటారు. మంచి గడియ దాటిపోతుందని అత్త గొణగడం మొదలుపెట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఆమె తొందర కంటే ఇంకోటి గుచ్చుకుంటోంది. ముల్లు సల్లగుందని చెబుతోంది, ఈయన సల్లారనీ అంటున్నాడు. అంటే ఏమిటి? నేను కారు దిగి ఆయన ఎదుటికి పోయాను.

“ముల్లు పడుకునే ఉంది గదనయ్యా. సల్లగున్న కుండ మీది మూత తీయనీకి గింత భయమా?”

“ఇంజను సంగతి నీకు తెల్వదే. జర ఆగు.”

“ఇంజను సంగతి తెల్వదు, అతుకు సంగతి తెలుసు. నా అతుకు మీద నమ్మకం లేదా నీకు? లేదంటే లేదని మీ అవ్వ ముంగట చెప్పు.”

అత్త కారులోంచి మా ఇద్దరినీ చూస్తోంది. బావి దగ్గరి రైతు కూడా మోట ఆపి ఇటు చూస్తున్నాడు. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నాకు గుర్తుండేది కాదు. భుజం మీది తువ్వాల తీసి డబ్బాలో ముంచి, కుడిచేతికి ఒకదాని మీద ఒక చుట్టుగా చుట్టుకున్నాడు. నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. “ఏంది, తేలు కొండె పట్టబోతున్నవా?” అని నవ్వాను. అత్త కూడా నవ్వింది. ఆయన నన్ను దూరం జరగమని ఎడమచేత్తో వెనక్కి నెట్టాడు. ముఖం పక్కకు తిప్పుకుని, రేడియేటర్ మూత తిప్పాడు.

నీళ్లు కావవి, నిప్పు. మూత ఎగిరి ఎక్కడో పడింది. తడి గుడ్డ ఆయన చేతికే అతుక్కుని ఉడికిపోయింది. రైతు పరుగెత్తుకొచ్చి బావి నీళ్లు కుమ్మరిస్తుంటే నేను అరుస్తూనే ఉన్నాను. ఆయన మాత్రం పళ్లు బిగబట్టుకుని, “మనం తొట్టెలకు అందుకుంటమే, ఏం గాలేదు” అని అత్తకు చెబుతున్నాడు. దేవరకొండ పోయే బస్సు ఆపి ఎక్కించారు. మా అత్త మనవణ్ని తొట్టెలలో వేయలేదు. దవాఖానలో కొడుకు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ దవాఖానలో ఒక వాసన. స్పిరిటు లాంటిది, ముక్కుకు చల్లగా తగిలేది. ఆయన కళ్లు మూసుకుని, “తీగె తెగినప్పుడు గిదే వాసనే” అన్నాడు. నేను ఈసారి నవ్వలేదు.

నకిరేకల్ వచ్చాక ఆయనను చూడటానికి నార్కట్‌పల్లి మిస్త్రీ వచ్చాడు. సావుకారు కారు ఆయన షెడ్డుకే చేరింది. గడ్డం నెరిసిన పెద్దమనిషి, నన్ను చెల్లె అనేవాడు. మా ఆయన మందుకు మగతగా పడుకుని ఉన్నాడు. నేను మిస్త్రీకి చాయ ఇచ్చి, నా అతుకు ఎక్కడ ఊడిందో చెప్పమని అడిగాను. ఊడి ఉంటుందనే నా నమ్మకం. లక్క కరిగి ఉంటుందనీ, జరీకి బదులు రాగి పోగు చుట్టాల్సిందనీ రాత్రింబవళ్లు అదే ఆలోచన.

“ఊడలేదు చెల్లె. గిప్పటికీ గట్టిగనే ఉంది” అన్నాడు మిస్త్రీ. “గది తీగె గాదు, గొట్టం. లోపల వెంట్రుకంత బెజ్జం ఉంటది. ఇంజన్ల బుడ్డి ఉంది సూడు, దాంట్ల ఒక దవాఖాన మందు పోసి మూస్తరు. నీళ్లు కాగితే మందు ఉబ్బుతది. ఉబ్బి బెజ్జంలకెళ్లి పోయి అవుతల ముల్లును నూకుతది. గొట్టం తెగిన గడియల్నే మందు గాలికి పోతది. పోయినంక పైన బంగారంతో అతికినా లోపల నూకేటిది ఏముంటది?”

“మరి బాగు జేయరాదా?”

“రాదు. బుడ్డి, గొట్టం, మీటరు, మూడు గలిపి కొత్తది ఏసుడే. బండి కొంత దూరం నడిచినంక కూడ ముల్లు లేవకపోతే పోయినట్టే. ఇంజను సల్లారినంక కూడ దిగకపోయినా పోయినట్టే. ఊకె ఎగిరి దుంకినా నమ్మద్దు. గీ మాట మీ ఆయనకు గప్పుడే చెప్పిన గద.”

“ఎప్పుడు, భాయ్?”

“నువ్వు అతికిన రెండోనాడే వచ్చిండు. కొత్తది హైదరాబాద్‌కెళ్లి తెప్పియ్యమన్నడు, సావుకారుకు కూడ తనే చెప్తనన్నడు. గని పాత గొట్టం పారెయ్యకు, కనబడేటట్టు గట్లనే ఉండనియ్యి, దాని పక్కపొంటి కొత్తది ఏయమన్నడు. మా ఇంటామె శాన సంబురంగ అతికింది, తీసేసినవని తెలిస్తె చిన్నబోతదన్నడు. నేను నవ్విన. కొత్తది రానీకి ఆలస్యమైంది, గంతల గిట్లాయె.”

మిస్త్రీ వెళ్లిపోయాక నేను ఆయన మంచం పక్కన కూర్చున్నాను. తడి తువ్వాల, చేతికి ఒకదాని మీద ఒకటిగా చుట్టిన చుట్లు, నన్ను వెనక్కి నెట్టిన ఎడమచేయి, పక్కకు తిప్పుకున్న ముఖం. అన్నీ తెలిసే చేశాడు. మెలకువ వచ్చాక అడిగాను. ఏడుస్తూ అడగలేదు, కోపంగా అడిగాను. నాకు వచ్చింది అదే.

“నీళ్లు మసుల్తున్నయని తెలుసు గదా. తెలిసి ఎందుకు తీసినవ్?”

“నమ్మకం లేదా అన్నవ్. అవ్వ ముంగట లేదనాల్నా?” అన్నాడు.

చేయి మానింది కానీ చిటికెన వేలూ ఉంగరం వేలూ అరచేతిలోకి ముడుచుకుని మళ్లీ చాచుకోలేదు. బొటనవేలి కొసకు స్పర్శ పోయింది. తన తొందరపాటేనని సావుకారుకు చెప్పుకున్నాడు, నా పేరు రానివ్వలేదు. సావుకారు పాపం మిల్లులోనే కూర్చునే పని ఇస్తానన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. మేం భువనగిరికి తిరిగొచ్చాం. ఏ గుంతలో కాళ్లు పెట్టనని పారిపోయాడో ఆ గుంతలోనే మళ్లీ కూర్చున్నాడు.

అడ్డపోగు మోసే నాడె కొట్టడానికి పిడి లాగితే చాలు, ఆ చేత్తో అది చేయగలిగాడు. తెగిన పోగును అతకడం మాత్రం రాదు. అందుకు వేలి కొసలు కావాలి. పోగు తెగినప్పుడల్లా మగ్గం ఆగి, “ఏమే” అని పిలుపు వచ్చేది. పొయ్యి మీద ఏమున్నా దించి, వేళ్లకు బూడిద రాసుకుని పోయేదాన్ని. ఆ పిలుపులో ఎన్నడూ విసుగు లేదు. నా అంత కోపిష్టిదాన్ని పట్టుకుని జీవితాంతం అలా మెత్తగా పిలవడం కంటే పెద్ద శిక్ష ఉంటుందని నేను అనుకోను. ఆయన శిక్ష అనుకోలేదు, అది నాకు తెలుసు.

అతికి పక్కకు జరిగాక, ఆయన ఎడమచేతి వేలితో ఆ చోటును ఒకసారి తడిమి, “మంచిగుంది” అనేవాడు.

నేను వెంటనే లేచేదాన్ని కాదు. ఆయన మళ్లీ నాడె కొట్టేదాకా అక్కడే కూర్చుని, ఆ పోగును నేనే ఇంకోసారి లాగి చూసుకునేదాన్ని.